కర్చీఫ్ వేసిన సీటు

నాలుగు కావస్తోంది. ఐదింటికల్లా అయిపోవాలన్నాడు మేనేజర్, అయిపోతుంది, ఎందుకు కాదు, నొక్కడమే కదా. ఎర్రగా ఉన్నదాన్ని తెరవాలి, అదేం చేస్తుందో చూడాలి, ఎవరిదో చూడాలి, ఆ మనిషికి మూడు మెయిళ్లు వెళ్లాయో లేదో చూసుకోవాలి, జవాబు రాకపోతే 'కారణం' అన్న గడిలో ఒక ముక్క రాసి 'ఆపు' మీద నొక్కాలి. ఎరుపు పోయి బూడిద రంగు వస్తుంది. తర్వాతది. భోజనం నుంచి వచ్చినప్పటినుంచీ ఇదే పని, వేలికి బాగా అలవాటైపోయింది, నేను లేచి కాఫీకి వెళ్లినా అది ఇక్కడే కూర్చుని నొక్కుతూ ఉండేలా ఉంది. ఈ బిల్డ్ సర్వర్ అంతస్తు మొత్తానికీ ఉమ్మడి. ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా దాన్ని తీసుకుని, మిగతావాళ్లు రాసినవాటితో కలిపి, అతుకుతుందో లేదో, పని చేస్తుందో లేదో చూసి చెప్తుంది. అలా చూసిపెట్టే ఒక్కొక్క పని ఒక్కొక్క జాబ్. సరిగ్గా జరిగితే పచ్చ చుక్క, తప్పితే ఎర్ర చుక్క. ఎవరికి కావలసిన జాబ్ వాళ్లు పెట్టుకోవచ్చు, పెట్టుకుంటారు, పెట్టుకుని వేరే టీమ్‌కి వెళ్లిపోతారు, వేరే ఆఫీసుకే వెళ్లిపోతారు, అది మాత్రం రోజూ వేళకి లేచి, లేని ఫైలు కోసం వెతికి, దొరక్క, ఎర్రబడి, వెళ్లిపోయిన మనిషికి 'నేను ఫెయిలయ్యాను' అని మెయిల్ రాసి పడుకుంటుంది. ఇంకొన్ని ఉంటాయి, అవి ఫెయిలవవు, అసలు లేవనే లేవవు. ఆఖరిసారి ఎప్పుడో సవ్యంగా పూర్తయ్యాయి కాబట్టి ఇప్పటికీ పచ్చగానే కనిపిస్తాయి. చూసినవాళ్లు బాగానే ఉన్నాయనుకుంటారు. నన్ను చూసి కూడా అలాగే అనుకుంటున్నారు.

'టెంపరరీ' అని పేరున్న జాబ్ ఒకటి నేను ఈ ఆఫీసులో చేరకముందు నుంచీ ఉంది. ఆపాను. 'ఫైనల్' ఉంది, 'అసలు ఫైనల్' ఉంది, 'ఇదే ఫైనల్' ఉంది, మూడూ ఎరుపే, మూడూ ఆపాను. మెయిళ్లకి ఉలుకూ పలుకూ లేనివాళ్లు కొందరు. మొదటి మెయిల్‌కే పరిగెత్తుకొచ్చి, అది తీయకండి, కావాలి అనేవాళ్లు కొందరు. ఏం చేస్తుందండీ అది అంటే, తెలీదు గాని ఉండనివ్వండి అంటారు. ఇంట్లో డ్రాయరు నిండా పాత ఫోన్ల చార్జర్లు దాచుకునేది వీళ్లే. చూడకుండా దేన్నీ ఆపకూడదన్నది నేను పెట్టిన నియమమే. ఒకసారి పేరు చూసి ఏదో పనికిమాలినదనుకుని ఆపిన జాబ్, పై అంతస్తు తలుపుల కార్డులు పని చేయడానికి కావలసినదని తర్వాత తేలింది. ఆ పూటంతా ఆ అంతస్తు జనం మెట్ల మీద కూర్చున్నారు, మీటింగ్‌కని పైకి వెళ్లిన మా ఆయన కూడా వాళ్లలో ఒకడు. అక్కడినుంచే ఫోన్ చేసి, "మేడం గారూ, మమ్మల్ని ఆపేశారా, తీసేశారా?" అని అడిగాడు. ఆపడం వేరు, తీసేయడం వేరు. ఆపినదాన్ని మళ్లీ లేపవచ్చు, తీసేస్తే ఇక లేదు. ఈసారి మాత్రం రెంటికీ తేడా లేదు. వచ్చే వారం కొత్త సర్వర్ వస్తోంది, పచ్చగా పని చేస్తున్నవాటినే అందులోకి మారుస్తారు, ఇవాళ బూడిద రంగులోకి వెళ్లినవన్నీ ఈ పాత మెషిన్లతో పాటే పోతాయి.

ఒకదాన్ని మాత్రం మధ్యాహ్నం నుంచీ దాటేస్తున్నాను. కిందకి జరుపుతాను, జాబితా తరిగేకొద్దీ అది మళ్లీ పైకి వస్తుంది. దాని పేరు 'శుభ్రం'. మెషిన్లలో పేరుకున్న చెత్త ఫైళ్లు ఊడ్చిపెట్టే జాబ్. యజమాని మా ఆయన. ఆర్నెల్ల కిందట పోయాడు. పోయిన వారానికి ఆఫీసువాళ్లు అతని అకౌంట్ మూసేశారు, అది పద్ధతి, నా చేతిలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. అప్పటినుంచి ఈ జాబ్ రోజూ నాలుగు దాటాక లేచి, అతని పేరు చెప్పి లోపలికి వెళ్లబోతుంది, వెళ్లనివ్వరు, ఎర్రబడి పడిపోతుంది. ఫెయిలయ్యానని అతనికి మెయిల్ పంపుతుంది, పుచ్చుకునే మనిషి లేడు కాబట్టి ఆ మెయిల్ వెనక్కి తిరిగి, సర్వర్ బాధ్యత చూసేవాళ్లకి చేరుతుంది. సర్వర్ చూసేది నేను. అలా రోజూ సాయంత్రం అతని పేరుతో నాకో మెయిల్ వస్తుంది. అందులో ఏమీ ఉండదు. తెరవను, చెరపను, వచ్చిందని చూస్తాను, అంతే. ఇవాళ దాన్ని ఆపితే రేపటినుంచి రాదు. అదీ విషయం. నేను రాసిన నియమం ప్రకారమే అతనికీ మూడు మెయిళ్లు వెళ్లాయి, మీ జాబ్ చాలాకాలంగా ఫెయిలవుతోంది, ఉంచాలో ఆపాలో చెప్పగలరు అని. మూడూ తిరిగి నాకే వచ్చాయి.

మేనేజర్ పొద్దున నా బల్ల దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆర్నెల్లుగా నాతో మాట్లాడాలంటే ఆయన గొంతు సగానికి తగ్గిస్తున్నాడు, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. "మిగతావి మీరు చూడండి. ఆ ఒక్కటి కావాలంటే నేను ఆపేస్తానండి," అన్నాడు. "పర్లేదండి, నేనే చేస్తాను." "అంటే, మీకు ఇబ్బందేమో అని." "ఇబ్బందేముందండి, జాబే కదా." ఆయన తలూపి, నా కప్పు ఖాళీగా కనిపిస్తే తీసుకెళ్లి కాఫీ నింపుకొచ్చాడు. మంచి మనిషి. పంచదార వేశాడు, నేను వేసుకోను, అయినా తాగాను. తియ్యగా ఉందని తెలిసింది గాని బాగుందో బాగాలేదో తెలియలేదు. ఇబ్బంది లేదన్నది అబద్ధం కాదు. పంటి డాక్టరు మత్తుసూది వేశాక బుగ్గ గిల్లుకుంటే వేలికి బుగ్గ తెలుస్తుంది, బుగ్గకి వేలు తెలియదు, అలా ఉంది నాకు. పంటి డాక్టరు మాట ఎందుకు తెచ్చాను. వద్దనుకుంటే అదే వస్తుంది.

పంటి డాక్టరు దగ్గరే పోయాడు. పంటికీ దానికీ ఏ సంబంధమూ లేదు, గుండె అది, ఎక్కడున్నా అప్పుడే ఆగేది అన్నారు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, అక్కడ మనకి తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోనా, తొందరగా పంపిస్తారు అన్నాడు. అక్కర్లేదు, నీ వంతు వచ్చేదాకా బుద్ధిగా కూర్చో అన్నాను. కాసేపటికి మెసేజ్ పెట్టాడు, 'నా ముందు ఇద్దరున్నారు. బుద్ధిగా కూర్చున్నాను.' నేనో నవ్వు బొమ్మ పంపాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి రెండుసార్లు పేరు పిలిచిందట. తల వాలి ఉంది కదా, నిద్రపోయాడనుకుని తర్వాతివాళ్లని లోపలికి పంపిందట. ఆ అమ్మాయే ఏడుస్తూ చెప్పింది. నేను ఆమె వీపు నిమిరి మంచినీళ్లు ఇచ్చాను, అందరూ నన్ను చూసి ధైర్యం గల మనిషి అన్నారు. ధైర్యమూ కాదు ఏమీ కాదు. జన్మలో ఒక్కసారి వరసలో కుదురుగా కూర్చున్నాడు, అప్పుడు కూడా వంతు వేరేవాళ్లకి పోయింది అన్న ఆలోచన వచ్చింది నాకు అప్పుడు. చెప్తే నవ్వేవాడు. అతనికి చెప్పడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని మాటలు రోజుకి ఒకటో రెండో తగులుతుంటాయి.

వరస అంటే అతనికి ఎందుకంత చిరాకో. ఆఫీసు బస్సు ఐదున్నరకి గేటు దగ్గరికి వస్తుంది. తలుపు తెరుచుకోకముందే కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీద కర్చీఫ్ వేసేసేవాడు, నీలం గళ్ల కర్చీఫ్, ముక్కు తుడుచుకోవడానికి ఎప్పుడైనా వాడాడో లేదో నాకు తెలియదు. నేను వరసలో నిలబడి, నా వంతుకి మెట్లెక్కి, నిదానంగా వెళ్లేసరికి కిటికీ పక్కన కర్చీఫ్, ఇవతల సీటులో తను. "రండి మేడం, మీ సీటు." జనం చూస్తున్నారు, సిగ్గు లేదా అంటే, "సీటుంది కదా, ఇంక సిగ్గెందుకు," అనేవాడు. నేనేమో వరసలు కాపలా కాసే మనిషిని. ఉన్నవి నాలుగు మెషిన్లు, ఒక్కో మెషిన్‌లో ఒక్క జాబే కూర్చోగలదు, మిగతావి బయట వరసలో ఆగాలి, ముందొచ్చింది ముందు. సాయంత్రం ఇంటికెళ్లే ముందు అందరూ తలో జాబ్ పెట్టేస్తారు, అప్పుడు చూడాలి తోపులాట. నా రిలీజ్ బిల్డ్, అంటే ఆ రోజు అందరూ రాసిందంతా కలిపి మూట కట్టే జాబ్, నాలుగున్నరకి బయల్దేరుతుంది. అది పచ్చబడేదాకా నేను కుర్చీలోంచి లేవకూడదు. అంత తోపులాటలోనూ ఏళ్ల తరబడి అది వచ్చీ రాగానే సీటు దొరికి, ఐదుంపావుకల్లా ముగిసేది, నేను ఐదున్నర బస్సు ఎక్కేదాన్ని. సరైన వేళ ఎంచి పెట్టానని నా మీద నాకే గొప్పగా ఉండేది. తను కూడా, "నీ లెక్క తప్పదు," అని తెగ మెచ్చుకునేవాడు. మరీ అంత మెచ్చుకుంటుంటే అనుమానం రావాలి ఎవరికైనా. నాకు రాలేదు.

తను పోయాక లెక్క తప్పింది. బిల్డ్ వరసలో ఎక్కడో వెనక చిక్కుకుని చీకటి పడ్డాక గాని మొదలవదు. ఎందుకని చూడలేదు. అన్నీ గాడి తప్పాయి, ఇదీ తప్పింది అనుకున్నాను. పైగా నాకది అనుకూలంగా ఉంది. ఇంటికి తొందరగా వెళ్లి చేసేదేముంది, ఉన్నది ఇద్దరమే, ఇప్పుడు నేనొక్కదాన్నే. అందరూ వెళ్లిపోయాక ఈ అంతస్తు బాగుంటుంది. ఏసీ చప్పుడు, తడిగుడ్డతో నేల తుడిచే మనిషి బకెట్ జరిపే చప్పుడు. అతని కుర్చీ ఉండేది, కుడివైపు తిరిగితే కిచకిచమనేది, ఎవరో మీటింగ్‌కి లాక్కెళ్లారు, అప్పటినుంచి అంతస్తంతా తిరుగుతోంది, ఎవరు దానిలో కూర్చుని తిరిగినా నాకు తెలుస్తుంది. ఇవాళ కిటికీ వైపు ఉంది. పని అయ్యాక ఎనిమిది గంటల బస్సు ఎక్కుతాను. అందులో ఐదారుగురు ఉంటారేమో. ఇవతల సీటులో కూర్చుని కిటికీ పక్క సీటులో నా బ్యాగు పెడతాను. తను నాకు పెట్టినట్టే. అన్నీ ఖాళీ సీట్లే కదా, ఎవరూ అడగరు.

మెయిల్ వచ్చింది. మూలన చిన్న గడిలో అతని పేరు మెరిసి మాయమైంది. ఈ రోజుకి ఫెయిలయ్యాడు. ఇదే ఆఖరిది, ఇంక దాటేయడానికి జాబితాలో వేరే ఎర్ర చుక్క లేదు. తెరిచాను. పైన అతని పేరు, పక్కన చేరిన మొదటి రోజు ఐడి కార్డు కోసం తీసిన ఫోటో, కళ్లు సగం మూసుకుపోయి ఉంటాయి, మార్పించుకోమంటే, ఆఫీసులో నేను ఎలాగూ ఇలాగే ఉంటాను అనేవాడు. కింద 'కారణం' గడి, ఖాళీగా. మిగతా అందరికీ 'యజమాని స్పందించలేదు' అని రాసుకుంటూ వచ్చాను, చేతికి అదే వాక్యం వచ్చేసింది, 'యజమాని స్పం' దాకా కొట్టి ఆగిపోయాను. చెరిపాను. చూడకుండా ఆపకూడదు. నియమం నాదే. అదేం చేస్తుందో నాకు తెలుసు, ఊడుస్తుంది, ఈ ఆఫీసు మొత్తం మీద పనికొచ్చే జాబ్ అదొక్కటే అని నేనే నలుగురిలో అన్నాను. అయినా చూడాలి. ప్రోగ్రాం తెరిచాను.

ప్రోగ్రాం రాసేవాళ్లు మధ్యమధ్యలో తమకి గుర్తుండడానికి ఒక్కో మాట రాసుకుంటారు, మెషిన్ వాటిని చదవదు, మనిషికోసమే. ఇతను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నాడు. మొదట 'చెత్త ఊడ్చు' అని ఉంది. దాని కింద ఊడ్చే పని, ఓ నిమిషం పట్టేది. ఆ కింద 'ఊడ్చడం అయింది. ఇప్పుడు కూర్చో' అని ఉంది. ఆ తర్వాత పని లేదు. ఏమీ చేయకుండా ఆగడం, నా రిలీజ్ బిల్డ్ వరసలోకి వచ్చిందా అని తొంగిచూడడం, రాకపోతే మళ్లీ ఆగడం, మళ్లీ చూడడం. దానిమీద రాసుకున్న మాట, 'ఆవిడ వచ్చేదాకా లేవకు.' చివర, ఆ సీటు మీద నా బిల్డ్‌కి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దని గుర్తు పెట్టి తను ముగిసిపోయే చోట, 'ఆవిడ వచ్చింది. గొడవ చేయకుండా లేచి సీటిచ్చెయ్.'

నేను మళ్లీ మొదటినుంచి చదివాను. కిటికీ వైపు కుర్చీ కిచకిచమంది. ఆవిడ అంటే నేను. ఊడ్చే జాబ్ కాదు ఇది, కర్చీఫ్. తోపులాట మొదలవకముందే వచ్చి, ఊడుస్తున్నట్టు నటించి, సీటు పట్టుకుని కూర్చుని, నేను వరసలో నిదానంగా నడిచి వచ్చేసరికి లేచి నిలబడింది, రోజూ, ఇన్నేళ్లు. నా లెక్క తప్పదట. నాకు కోపం వచ్చింది. ఇది కోపమే, చెవులు వేడెక్కాయి, ఆర్నెల్లలో నాకంటూ ఏదైనా తెలియడం ఇదే మొదలు. కోపం ఎందుకంటే, ఈ దొంగకోసం నేను వెతికాను. సాయంత్రం పూట ఒక సీటు ఎప్పుడూ ఖాళీ లేకుండా ఉంటోందని నాకు ఫిర్యాదులు వచ్చాయి, అప్పట్లో. నేను అంతస్తందరికీ మెయిల్ రాశాను, ఎవరో అవసరం లేకపోయినా సీటు పట్టుకుని కూర్చుంటున్నారు, ఉమ్మడి సర్వర్‌లో ఇది మర్యాద కాదు, ఎవరో తేలితే ఊరుకోను అని. అందరికంటే ముందు జవాబిచ్చింది ఇతను. అందరూ చూసేలా, 'చాలా బాగా చెప్పారు మేడం, ఇలాంటివాళ్లని అస్సలు వదలకూడదు' అని రాశాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "దొరికాడా?" అని అడిగాడు. దొరకలేదన్నాను. "తెలివైనవాడై ఉంటాడు," అన్నాడు. నేను అనుమానితుల పేర్లు ఒక్కొక్కటే చెప్తుంటే నిజాయితీగా ఆలోచించి, వాడు కాదు, వాడికంత బుర్ర లేదు అన్నాడు. గిన్నెలు తను కడిగాడు ఆ రోజు. ఇప్పుడు ఎవర్ని నిలదీయాలి. ఎవరితో పోట్లాడాలి, చెప్పు.

యజమాని అన్నచోట, లోపలికి వెళ్లనివ్వని అతని పేరు తీసి నా పేరు పెట్టాను. నడిపించు అన్నచోట నొక్కాను. ఎందుకు నొక్కానో ఆలోచించలేదు, మధ్యాహ్నం నుంచీ ఆపడానికి నొక్కీ నొక్కీ, ఒకదాన్ని లేపాలనిపించింది. లేచింది. ఊడ్చింది. ఆరు నెలల చెత్త, ఫైళ్ల పేర్లు వరదలా పైకి పాకాయి, ఆగాయి. అప్పుడు కూర్చుంది. తెర మీద ఒక చుక్క, కాసేపాగి ఇంకో చుక్క, ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అన్నట్టు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ చుక్కల్ని చూస్తూ కూర్చున్నాను. బయట వరస పెరుగుతోంది. అడ్డగోడకి అవతల వదిన కుర్చీ జరిగింది. టెస్టింగ్ టీమ్ ఆవిడ, మా ఆయన ఈ ఆఫీసులో చేరినప్పుడు పని నేర్పింది ఆవిడే, అక్కా అక్కా అని తిరిగేవాడు, అలా నాకు వదిన అయింది. అంతస్తులో నాతో గొంతు తగ్గించకుండా మాట్లాడేది ఆవిడ ఒక్కతే.

"ఏమ్మా, 'శుభ్రం' లేచి కూర్చుందేంటి?" అంది.

"నేనే లేపాను వదినా."

 ఆవిడ లేచి వచ్చి అడ్డగోడ మీద మోచేతులు ఆనించింది. కళ్లజోడు తల మీదికి తోసుకుని, నా తెర వైపు చూడకుండా నన్ను చూసింది. "చదివావా అయితే."

"మీకు తెలుసా?"

"తెలీకేం. అది కూర్చుంటే బయట నిలబడేవి నా టెస్టులే కదా. మొదటి వారంలోనే పట్టుకున్నాను వాణ్ణి."

"నాకు చెప్పలేదే."

"చెప్తే నువ్వు ఆపేస్తావన్నాడు. నిజమే కదా, ఆపేసేదానివే." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఆవిడ బిల్డ్ వరసలో వెనకబడితే ఆవిడకి బస్సు దొరకదు అక్కా, తోసుకుని రావడం చేతకాదు, నిలబడిపోతుంది అన్నాడు. సరే ఏడువు అన్నాను. వారం వారం కాఫీ ఇప్పించేవాడు, లంచం."

"ఇప్పుడు కూడా మీవే ఆగి ఉన్నాయి బయట. ఆపేయనా?"

"కూర్చోనీ," అంది వదిన. "తొందరేముంది నాకు."

ఆవిడ వెళ్లలేదు. ఇద్దరం చుక్కలు చూశాం. ఏడుపు వస్తుందేమోనని ఆవిడ ఎదురుచూస్తోందని తెలుస్తూనే ఉంది, వస్తే బాగుండునని నాకూ ఉంది, రాలేదు. కోపం కూడా తగ్గిపోయింది. చెవులు చల్లబడ్డాయి. చుక్క. చుక్క. మేనేజర్ అటుగా వస్తూ మమ్మల్ని చూసి, వేరే దారిలో వెళ్లిపోయాడు. నాలుగున్నర అయింది. నా రిలీజ్ బిల్డ్ వరసలోకి వచ్చింది, అందరికంటే వెనక నిలబడింది. చుక్కలు ఆగిపోయాయి. 'శుభ్రం' ముగిసింది, అక్కడున్న ఎర్ర చుక్క పోయి పచ్చ చుక్క వచ్చింది, ఖాళీ అయిన సీటులోకి నా బిల్డ్, వరసలో ఉన్నవాళ్లందర్నీ దాటుకుని, వెళ్లి కూర్చుంది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. చప్పుడు కూడా లేదు. గొడవ చేయకుండా.

"పచ్చగా అయింది కదా," అంది వదిన. "పచ్చవన్నీ కొత్తదాంట్లోకి వెళ్తాయన్నారు. ఇంక దీన్ని ఆపక్కర్లేదు నువ్వు. నీ పేరు పెట్టేశావు కూడా."

అవును. ఆ మాట నాకు తట్టనే లేదు. యజమాని చోట ఇప్పుడు నా పేరుంది, చుక్క పచ్చగా ఉంది, నియమం ప్రకారం దీని జోలికి ఎవరూ రాకూడదు, నేను కూడా. రేపు నాలుగు దాటాక ఇది లేస్తుంది, నాకోసం సీటు పట్టుకుని కూర్చుంటుంది, ఎల్లుండి కూడా, నేను రిటైరయ్యేదాకా. బయట వదిన టెస్టులు నిలబడి ఉంటాయి. అతను అడిగితే ఒప్పుకుంది, నేను అడిగినా ఒప్పుకుంటుంది, ఆవిడ మనిషి అలాంటిది. కానీ ఇక ఫెయిలవదు. ఫెయిలవకపోతే మెయిల్ రాదు. ఉంచినా అతని పేరుతో మెయిల్ రాదు, ఆపినా రాదు. అదేదో ఇంతకుముందే తేలిపోయినట్టుంది, నేను నా పేరు కొట్టినప్పుడే. నాకోసం నేనే కర్చీఫ్ వేసుకుంటే దాన్ని ఏమంటారు. తను ఉంటే ఏదో ఒకటి అనేవాడు.

"మీ టెస్టులు ఇకనుంచి వరసలో వెళ్తాయి వదినా," అన్నాను. యజమాని చోట అతని పేరే తిరిగి పెట్టి, 'కారణం' గడికి వచ్చాను. ఆర్నెల్లలో ఆ మాట నేనెక్కడా రాయలేదు, కాగితాలన్నీ మా మరిది నింపాడు, సంతకం ఒక్కటే నాది. రాశాను, 'యజమాని చనిపోయారు.' అక్షరాలు మామూలుగానే పడ్డాయి. ఆపు మీద నొక్కాను. బూడిద రంగు వచ్చింది. వదిన నా తల మీద చెయ్యి పెట్టి, జుట్టు కొంచెం చెదరగొట్టి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఆవిడ కుర్చీ కిచకిచమనదు.

ఐదుంపావుకి బిల్డ్ పచ్చబడింది. ఇంక కూర్చోవడానికి నాకు పని లేదు. బ్యాగు తీసుకుని లేస్తే అందరూ తలెత్తి చూశారు, ఇంత వెలుగుండగా నేను లేవడం చూసి ఎన్నాళ్లయిందో. బయట ఎండ ఇంకా గోడల మీద ఉంది. గేటు దగ్గర జనం. నేను వరసలో నిలబడ్డాను, నా వంతుకి మెట్లెక్కాను. చివర్లో ఒక జంట సీటు దొరికింది. ఇవతల కూర్చుని బ్యాగు కిటికీ పక్కన పెట్టాను. బస్సు నిండింది. నిలబడినవాళ్ల మోచేతులు, టిఫిన్ డబ్బాలు, ఎవరిదో ఫోన్‌లో పిల్లవాడు ఏదో కావాలని గొడవ. నడవలో ఒకావిడ, ఈ ఆఫీసుకి కొత్తలా ఉంది, కడ్డీ పట్టుకుని నా బ్యాగునీ నన్నూ మార్చి మార్చి చూసింది. అడగడానికి మొహమాటపడుతోంది. తోసుకుని వచ్చే మనిషి కాదు.

"ఇక్కడ ఎవరైనా వస్తున్నారా అండీ?" అని చివరికి అడిగింది.

ఇవతల సీటులోంచి నేను ఆవిడ మొహంలోకి చూశాను. బ్యాగు పట్టీ మీద చెయ్యి వేశాను, వెంటనే తీయలేదు. ఆవిడ ఓపిగ్గా నిలబడింది.

"లేదండి, ఎవరూ రారు," అన్నాను. బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు పక్కకి తిప్పి ఆవిడకి దారి ఇచ్చాను. "రండి, కూర్చోండి."